నిద్రించు కేంద్రకములు, మేలుకొలుపు ఎలక్ట్రానులు

పరమాణు శక్తి యనగానే మనకు యురేనియము, విద్యుత్కేంద్రములు, బాంబులు స్ఫురించును. పొయ్యిలోని కట్టెయు, దీపములోని నూనెయు స్ఫురింపవు. నిజమునకు కట్టె మండునపుడు వెలువడునదియు పరమాణువుల శక్తియే. రెండింటికిని గల భేదము ఇది: కట్టె మండునపుడు పరమాణువుల వెలుపలి అంచున నున్న ఎలక్ట్రానులు మాత్రమే తమ స్థానములను మార్చుకొనును, నడుమనున్న కేంద్రకమునకు ఏ మార్పును కలుగదు. యురేనియము నందు కేంద్రకమే రెండుగా చీలును. ఒక వోల్టు విద్యుత్పీడనమునకు లోనైన ఎలక్ట్రాను పొందు శక్తిని శాస్త్రజ్ఞులు ఒక ఎలక్ట్రాన్ వోల్టు అందురు. ఈ కొలతతో చూచినచో, కట్టె మండుటలో ఒక్కొక్క పరమాణువు ఇచ్చునది కొలది ఎలక్ట్రాన్ వోల్టులు. యురేనియము కేంద్రకము చీలినపుడు వెలువడునది సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు.

ఇంతటి అంతరమునకు తగినట్లే వాని నివాసములలోను అంతరము కలదు. పరమాణువును ఒక పెద్ద పంటచేనుగా భావించినచో, కేంద్రకము ఆ చేని నడుమ పడియున్న ఆవగింజ వంటిది. పరమాణువు బరువంతయు ఆ ఆవగింజ యందే యున్నది. చేనంతటను వ్యాపించి యుండునవి ఎలక్ట్రానులు. చేని గట్టున జరుగు సందడి ఆ ఆవగింజకు వినబడదని మనము సాధారణముగా చెప్పుకొందుము. ఈ మాట చాలవరకు నిజము. రేడియమును నిప్పులో కాల్చినను, మంచులో పెట్టినను, ఏ ఆమ్లములో కరగించినను అది తన మామూలు వేగముననే క్షీణించును.

అయితే ఈ నియమమునకు కొన్ని సందులు కలవు. కొన్ని కేంద్రకములు గొప్ప శక్తిని లోపల దాచుకొని, గంటలు, సంవత్సరములు, ఒక్కొక్కపుడు యుగములు నిద్రించుచుండును. ఆ నిద్రను భంగపరచుటకు తమ చుట్టునున్న అల్పములైన ఎలక్ట్రానులే చాలునా? ఈ ప్రశ్న ఏబది సంవత్సరములుగా శాస్త్రజ్ఞులను వేధించుచున్నది. నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

మొదట ఈ నిద్రించు కేంద్రకముల సంగతి చూతము. ఎలక్ట్రానుల వలెనే కేంద్రకమునకును మెట్లు మెట్లుగా శక్తి స్థాయిలు కలవు. అడుగు మెట్టున నున్న కేంద్రకమునకు కొంత శక్తి లభించినచో అది పై మెట్టున కెక్కును. దీనిని ఉత్తేజిత స్థితి యందురు. సామాన్యముగా అది ఆ పై మెట్టున నిలువజాలదు. సెకండులో కోట్లవ వంతు కూడ గడువక మునుపే గామా కిరణమును వెలువరించి క్రిందికి దిగును. కాని కొన్ని కేంద్రకములు పై మెట్టుననే చిక్కుకొనిపోవును. ఇట్టి వానిని ఐసోమరులు అని పిలుతురు.

ఒకే బరువు, ఒకే రసాయన స్వభావము కలిగియు, క్షీణించు వేగమున మాత్రము భేదించు కేంద్రకములు ఉండవచ్చునని 1917లో ఫ్రెడరిక్ సాడీ ఊహించెను. 1921లో బెర్లినులో ఆటో హాన్ ఆ ఊహకు తార్కాణము చూపెను. ప్రోటాక్టినియము 234 అను పదార్థము ఆయనకు రెండు రూపములలో కనబడినది. రెండింటిలోను ప్రోటానుల సంఖ్య ఒక్కటే, న్యూట్రానుల సంఖ్యయు ఒక్కటే. ఐనను ఒకదానిలో సగము క్షీణించుటకు ఒక నిమిషమునకు కొంచెము పైగా పట్టును. రెండవదానికి ఆరున్నర గంటలకు పైగా పట్టును. ఈ చిత్రమునకు కారణమేమో చాలకాలము తెలియలేదు. 1936లో జర్మను శాస్త్రజ్ఞుడు వైత్సెకర్ దానిని వివరించెను.

ఆయన వివరణ సారాంశమిది. కేంద్రకములు బొంగరముల వంటివి. వానికి భ్రమణము కలదు. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు దిగునపుడు శక్తితో పాటు ఈ భ్రమణ పరిమాణములోని తేడాను కూడ గామా కిరణమే మోసికొని పోవలెను. తేడా ఒకటి రెండు ప్రమాణములైనచో కిరణమునకు కష్టము లేదు. అది నాలుగు, అయిదు, అంతకు మించి యైనచో ఆ బరువు మోయుట దుస్సాధ్యమగును. శక్తి యున్నను, దిగుటకు క్రింద చోటున్నను, దారి లేక కేంద్రకము అచ్చటనే నిలిచిపోవును.

ఇట్టి కేంద్రకములలో ఒకటి మన ఆస్పత్రులలో ప్రతిదినము పనిచేయుచున్నది. గుండె, ఎముకలు, మూత్రపిండములు మున్నగువానిని చిత్రించుటకు రోగి శరీరములోనికి ఎక్కించు టెక్నీషియము 99 ఒక ఐసోమరు. దాని అర్ధాయువు, అనగా అందులో సగము క్షీణించుటకు పట్టు కాలము, 6 గంటలు. వైద్యుడు చిత్రము తీసికొనుటకు చాలినంత సేపు ఉండును. రోగికి బాధ కలిగించునంత సేపు ఉండదు. మరియొకటి టాంటలము 180. భూమి పుట్టినప్పటినుండి క్షీణింపక నిలిచి సహజముగా దొరకు ఐసోమరు ఇది యొక్కటే. టాంటలము లోహములో సుమారు ఎనిమిది వేల పరమాణువులకు ఒకటి ఈ జాతిది. దీని వింత యేమనగా, అడుగు మెట్టున నున్న టాంటలము 180 ఎనిమిది గంటలకే సగము నశించును. పై మెట్టున చిక్కుకొన్నది మాత్రము క్షీణించుట ఇంతవరకు ఎవరును చూడలేదు. దాని అర్ధాయువు విశ్వము వయస్సును ఎన్నో కోట్ల రెట్లు మించినదని తేలినది. కూలిపోవలసిన ఎత్తున నున్నవాడు నిశ్చింతగా నుండగా, నేలమీద నున్నవాడే కూలిపోవుట వంటిది ఇది.

మూడవది హాఫ్నియము 178. దీని ఐసోమరులలో ఒకదాని అర్ధాయువు 31 సంవత్సరములు. ఒక్కొక్క కేంద్రకములో దాగియున్న శక్తి సుమారు 24 లక్షల 46 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. ఇట్టి కేంద్రకములే నిండిన గ్రాము పదార్థము దొరకినదనుకొందము. అందులోని శక్తి మన విద్యుత్ మీటరు లెక్కలో 360 యూనిట్లకు పైబడి యుండును. 60 వాట్ల దీపమును రాత్రింబవళ్లు వెలిగించినను 250 దినములు చాలును. గ్రామనగా ఒక కందిగింజకు పదిరెట్లు బరువైనను ఉండునో ఉండదో! చీలిక లేదు, వ్యర్థముగా మిగులు చీలిక శకలములు లేవు. వెలువడునవి ముఖ్యముగా గామా కిరణములు. ఇంత శక్తి ఇంత చిన్న చోట నిద్రించుచుండగా, దానిని మనము కోరినపుడు మేలుకొలుపవలెనను ఆశ పుట్టుట సహజమే. ఆ ఆశతో పాటు, దానిని ఆయుధముగా వాడుకొందురేమోనను భయమును పుట్టినది.

1999లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు డల్లాస్ శాఖలో కార్ల్ కాలిన్స్ బృందము వారు ఒక ఆశ్చర్యకరమైన ప్రకటన చేసిరి. దంతవైద్యులు పండ్లను పరీక్షించుటకు వాడు ఎక్స్‌రే యంత్రమును హాఫ్నియము ఐసోమరు మీదికి త్రిప్పగా దాని గామా కిరణములు కొలది శాతము హెచ్చినవని వారు చెప్పిరి. ఈ మాట పత్రికల కెక్కినది. సైనిక శాఖల చెవిని కూడ పడినది. 2001లో ఆర్గాన్ జాతీయ పరిశోధనాలయమున నున్న ఎక్స్‌కిరణముల మహాయంత్రముతో ఇతర శాస్త్రజ్ఞులు అదే పరీక్ష చేసిరి. దంతవైద్యుని యంత్రముకంటె ఆ కిరణములు ఎన్నోరెట్లు తీక్షణమైనవి. ఐనను వారికి ఏ హెచ్చును కనబడలేదు. హాఫ్నియము కథ అచ్చటితో చాలవరకు చల్లారినది. కాని ప్రశ్న చల్లారలేదు. ఎక్స్‌కిరణముతో కానిపని ఎలక్ట్రానుతో కావచ్చునా అని కొందరు అడుగజొచ్చిరి.

ఇచ్చట ఎలక్ట్రానులకును కేంద్రకమునకును గల చుట్టరికమును కొంచెము విచారింపవలెను. ఉత్తేజిత కేంద్రకము తన శక్తిని ఎల్లప్పుడును గామా కిరణముగానే విడుచునని చెప్పజాలము. అది ఆ శక్తిని తన చుట్టునున్న ఒక ఎలక్ట్రానుకు నేరుగా అప్పగింపవచ్చును. ఆ ఎలక్ట్రాను వెంటనే పరమాణువును విడిచి వెలుపలికి దూకును. దీనికి అంతఃపరివర్తనమని పేరు. చేని నడుమనున్న ఆవగింజయు, చేనిలోని ఎలక్ట్రానులును పరస్పరము పలుకరించుకొను సందర్భమిది. ఎలక్ట్రానులు కేంద్రకమునుండి దూరముగా మాత్రమే తిరుగునని చెప్పుట పూర్తిగా సరికాదు. వాని ఉనికి మేఘము వలె వ్యాపించియుండును. ఆ మేఘపు అంచు కేంద్రకమును కూడ తాకుచుండును.

ఇందాక చెప్పిన టెక్నీషియమునే చూడుడు. ఆస్పత్రిలోని యంత్రము పట్టుకొను గామా కిరణము శక్తి 1 లక్షా 40 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. కాని ఆ కిరణము వెలువడుటకు ముందు కేంద్రకము ఒక చిన్న మెట్టు దిగవలెను. ఆ మెట్టు ఎత్తు సుమారు 2,170 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఆ అల్పమైన శక్తిని కేంద్రకము దాదాపు ఎల్లప్పుడును ఎలక్ట్రానులకే ఇచ్చును. లోపలి కక్ష్యలలోని ఎలక్ట్రానులను పెకలించుటకు ఆ శక్తి చాలదు. కావున వెలుపలి కక్ష్యలలోని వానికే ఇయ్యవలసి వచ్చును. వెలుపలి ఎలక్ట్రానులే రసాయన సంయోగములలో పాల్గొనునవి. అట్లయినచో, టెక్నీషియము ఏ రసాయన పదార్థములో నున్నదను దానిని బట్టి దాని క్షీణ వేగము మారవలెను గదా! 1951లో బెయిన్‌బ్రిడ్జి, గోల్డ్‌హేబర్, విల్సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. ఆక్సిజనుతో కూడిన టెక్నీషియము, గంధకముతో కూడిన టెక్నీషియముకంటె 0.27 శాతము త్వరగా క్షీణించుచున్నదని తేల్చిరి. 6 గంటల అర్ధాయువులో ఇది సుమారు ఒక నిమిషపు తేడా. నిమిషమే యైనను, చేని గట్టున జరుగు సందడి ఆవగింజకు వినబడినదనుటకు ఇది సాక్ష్యము.

ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును థోరియము 229 ఇచ్చినది. దీని ఐసోమరు అడుగు మెట్టుకంటె కేవలము 8.4 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున నున్నది. ఎలక్ట్రానులు పూర్తిగానున్న థోరియము పరమాణువులో ఈ శక్తి ఒక ఎలక్ట్రానును బయటికి త్రోయుటకు చాలును. కావున ఐసోమరు సెకండులో లక్షవ వంతుకంటె తక్కువ కాలములోనే అంతఃపరివర్తనమునకు లోనగును. మ్యూనిక్ విశ్వవిద్యాలయము వారు 2016, 2017 సంవత్సరములలో దీనిని చూపిరి. అదే థోరియమును ఎలక్ట్రాను కదలలేని విధముగా ఒక స్ఫటికములో బంధించినచో, ఐసోమరు కొన్ని నిమిషములు జీవించును. 2024లో అట్టి స్ఫటికముల మీద లేసరు కాంతిని ప్రసరింపజేసి ఆ కేంద్రకమును మేలుకొలుపగలిగిరి. కేంద్రకము అదియే, దాని చుట్టునున్న ఎలక్ట్రానుల ఏర్పాటు మాత్రము మారినది. అంత మాత్రముననే ఆయుర్దాయము కోట్ల రెట్లు మారినది.

ప్రకృతిలో ఒక దారిన పోగల క్రియ, తగిన పరిస్థితులు కలిగినచో, వెనుకకును నడువగలదు. కేంద్రకము ఎలక్ట్రానుకు శక్తి నిచ్చి వెలుపలికి పంపగలిగినపుడు, వెలుపలినుండి వచ్చు ఎలక్ట్రాను పరమాణువులో చేరుచు కేంద్రకమునకు శక్తిని ఇయ్యగలదు. ఈ తర్కముతో 1976లో సోవియట్ శాస్త్రజ్ఞులు గోల్డాన్‌స్కీ, నామియోట్ ఒక సిద్ధాంతమును ప్రతిపాదించిరి. దీనిని మనము ఎలక్ట్రాను గ్రహణము వలన కేంద్రకోత్తేజనమని చెప్పుకొనవచ్చును. ఇచ్చట ఒక పొరపాటు కలుగవచ్చును కనుక చెప్పుచున్నాను. ఎలక్ట్రానును కేంద్రకము మ్రింగివేయుట ఇది కాదు. ఎలక్ట్రానును పట్టుకొనునది పరమాణువు. అది ఖాళీగానున్న ఒక కక్ష్యలో కుదురుకొనును. అట్లు కుదురుకొనునపుడు మిగులు శక్తి వెలుగుగా పోక, కేంద్రకమునకు చేరును.

ఇట్టి బదిలీకి దగ్గరి బంధువును 2000లో జపానులో నిశ్చయముగా చూచిరి. బంగారు పరమాణువులలో లోపలి కక్ష్యనుండి ఒక ఎలక్ట్రానును ఎక్స్‌కిరణముతో పెరికివేసిరి. పై కక్ష్యనుండి మరియొక ఎలక్ట్రాను ఆ ఖాళీలోనికి దూకినది. అట్లు దూకునపుడు విడుదలయగు శక్తి, బంగారు కేంద్రకపు మెట్టు ఎత్తుతో దాదాపు సరిపోవును. కావున అరుదుగా ఆ శక్తి కేంద్రకమునకు చేరినది. ఎంత అరుదుగా ననగా, సుమారు రెండు కోట్ల పర్యాయములకు ఒక పర్యాయము. క్రియ నిజమేనని తేలినది. అది ఎంత దుర్లభమో కూడ తేలినది.

ఇక వెలుపలి ఎలక్ట్రానును పట్టుకొని ఐసోమరును మేలుకొలుపుటకు ఏమేమి కావలెను? మొదటిది, పరమాణువులో ఖాళీ కక్ష్య కావలెను. అనగా దాని ఎలక్ట్రానులలో చాల భాగమును ఊడదీయవలెను. రెండవది, వచ్చు ఎలక్ట్రాను వేగము వలని శక్తియు, కక్ష్యలో కుదురుకొనునపుడు విడుదలయగు శక్తియు కలిసి, కేంద్రకము ఎక్కవలసిన మెట్టు ఎత్తుతో సరిగా సమానము కావలెను. తక్కువైనను పనికి రాదు, ఎక్కువైనను పనికి రాదు. బజారులో చిల్లర లేని దుకాణమువానికి సరియైన పైకమే ఇయ్యవలసినట్లు, ఇచ్చట లెక్క నిక్కచ్చిగా కుదురవలెను. మూడవది, ఐసోమరుకు కొంచెము పైన, సులభముగా క్రిందికి దారి చూపగల మరియొక మెట్టు ఉండవలెను.

ఈ మూడవ నియమము వినుటకు వింతగా నుండును. క్రిందికి దింపుటకు పైకెక్కించుట యేల? కొండమీద ఒక బండలో గుంట కలదనుకొనుడు. అందులో వాననీరు నిలిచినది. గుంట అంచు నీటి మట్టముకంటె జానెడు ఎత్తున నున్నది. ఆ నీటిని జానెడు ఎత్తి అంచు దాటించినచో, అది కొండ దిగువ వరకు తనంతట తాను పారును. మనము ఖర్చు పెట్టినది జానెడు ఎత్తు. రాబట్టినది కొండంత ఎత్తు. ఐసోమరు విషయమున ఎలక్ట్రాను చేయవలసిన పని ఆ జానెడు ఎత్తుటయే.

అట్టి గుంట మాలిబ్డినము 93లో దొరకినది. దాని ఐసోమరు అడుగు మెట్టుకంటె సుమారు 24 లక్షల 25 వేల ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున నుండును. అర్ధాయువు 6 గంటల 50 నిమిషములు. దానికి కేవలము 4,850 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఇంకొక మెట్టు కలదు. ఐసోమరునుండి నేరుగా దిగుటకు గామా కిరణము భ్రమణములో నాలుగు ప్రమాణముల తేడాను మోయవలెను. ఆ పై మెట్టునుండి దిగుటకు రెండే చాలును. అందుచేత పై మెట్టున కెక్కిన కేంద్రకము సెకండులో కోట్లవ వంతు కాలములోనే జారిపోవును. ఎక్కించుటకు 4,850, దిగినపుడు వచ్చునది 24 లక్షలకు పైగా. జానెడు ఎత్తినచో సుమారు 500 జానల లోతునకు నీరు దుమికినట్లు.

లెక్క ఎట్లు కుదురునో చూడుడు. మాలిబ్డినము పరమాణువు యొక్క అన్నిటికంటె లోపలి కక్ష్యలో ఎలక్ట్రాను కుదురుకొన్నచో సుమారు 20 వేల ఎలక్ట్రాన్ వోల్టులు విడుదలయగును. అది మనకు కావలసినదానికంటె చాల ఎక్కువ. కావున ఆ కక్ష్య పనికి రాదు. రెండవ కక్ష్యయు, దాని వెలుపలివియు ఇచ్చునది తక్కువ. ఆ లోటును ఎలక్ట్రాను తన వేగముతో పూరింపవలెను.

దీనిని పరీక్షించుటకు అమెరికా సైనిక పరిశోధనాలయమునకు చెందిన కియారా, ఆయన సహచరులు ఆర్గాన్ పరిశోధనాలయమున ఒక ప్రయోగము చేసి, 2018 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ప్రకటించిరి. ప్రయోగ విధానము చక్కనిది. జిర్కోనియము 90 కేంద్రకములను మహావేగముతో లిథియము మీదికి పంపిరి. ఆ తాకిడిలో మాలిబ్డినము 93 కేంద్రకములు పుట్టినవి. వానిలో కొన్ని ఐసోమరులు. అవి పుట్టుచునే అదే వేగముతో ముందుకు సాగి, వెనుకనున్న కార్బను పొరలోనికి దూసికొని పోయినవి. అట్టి వేగమున వాని ఎలక్ట్రానులు పొట్టువలె రాలిపోవును. కార్బనులోని ఎలక్ట్రానులు నిలుకడగా నున్నను, దూసికొనిపోవు మాలిబ్డినమునకు అవియే ఎదురుగా పరుగెత్తుకొని వచ్చుచున్నట్లగును. రైలులో కూర్చున్నవానికి చెట్లు ఎదురు వచ్చినట్లు. మాలిబ్డినము క్రమముగా వేగము తగ్గుచుండును గనుక, ఏదో ఒక క్షణమున ఆ ఎలక్ట్రానుల శక్తి కావలసిన లెక్కకు సరిపోవును.

ఐసోమరు మేలుకొన్నదని తెలియుట ఎట్లు? దాని చుట్టును గామాస్ఫియరు అను గోళాకారపు యంత్రమున్నది. అందు అన్ని దిక్కులను గామా కిరణములను పసిగట్టు అనేక జర్మేనియము సాధనములు అమర్చియుండును. మాలిబ్డినము కేంద్రకము పుట్టినపుడు పై మెట్లనుండి ఐసోమరు వరకు దిగుచు కొన్ని కిరణములను వెలువరించును. ఐసోమరు నిద్రించినచో, తరువాతి కిరణములు గంటల తరువాతనే వచ్చును. అట్లుగాక ముందరి కిరణములును, తరువాతి కిరణములును వెంటవెంటనే వచ్చినచో, నిద్ర భంగమైనదని అర్థము. పై మెట్టునుండి దిగునపుడు మాత్రమే వచ్చు 2 లక్షల 68 వేల ఎలక్ట్రాన్ వోల్టుల కిరణము దానికి ముద్ర వంటిది. ఆ ముద్ర తమకు కనబడినదని వారు వ్రాసిరి. నూరు ఐసోమరులలో సుమారు ఒకటి మేలుకొన్నదని లెక్క వేసిరి. 1976 నాటి ఊహ నలువది రెండేండ్లకు ఫలించినదని ఆనాడు అందరును భావించిరి.

కాని సిద్ధాంతవేత్తలు కలమును చేతబట్టి లెక్కలు కట్టగా చిక్కు బయలుదేరినది. హైడెల్‌బర్గులోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన వూ, కైటెల్, పాల్ఫీ 2019లో ఆ ప్రయోగపు పరిస్థితులకు తగిన గణనము చేసిరి. వారి లెక్క ప్రకారము మేలుకొనవలసినది నూటికి ఒకటి గాదు. పదివేల కోట్లకు ఒకటి. కొలతకును గణనమునకును తేడా సుమారు నూరు కోట్ల రెట్లు. శాస్త్రములో రెండు మూడు రెట్ల తేడా వచ్చినచో లెక్కను సవరింపవచ్చును. నూరు కోట్ల రెట్ల తేడా వచ్చినచో, ఒకటి తప్పై యుండవలెను, లేక ఇరువురికిని తెలియని మూడవ క్రియ యేదో అచ్చట జరిగియుండవలెను. 2021లో చైనా శాస్త్రజ్ఞులు మరియొక సందేహమును వెలిబుచ్చిరి. అన్ని వైపులనుండి కిరణములు కురియుచుండు ఆ సంకుల స్థితిలో, ఇతర కిరణములు కలిసిపోయి మేలుకొన్నవాని సంఖ్య ఎక్కువగా కనబడియుండవచ్చునని వారు చెప్పిరి. మొదటి బృందము వారు తమ ఫలితమును సమర్థించుకొనిరి.

వాదములతో తేలని దానిని ప్రయోగముతో తేల్చుటయే శాస్త్ర సంప్రదాయము. చైనాలోని లాంజౌ నగరమునందు క్రిప్టాన్ 86 కేంద్రకములతో కార్బనును ఢీకొట్టించి మాలిబ్డినము ఐసోమరులను పుట్టించిరి. అయితే వానిని పుట్టినచోటనే పరీక్షింపలేదు. ఐసోమరులను దూరముగానున్న మరియొక గదికి ప్రవాహముగా కొనిపోయిరి. పుట్టినింటి సందడియంతయు వెనుకనే మిగిలిపోయినది. ప్రశాంతమైన ఆ చోట ఐసోమరులను ఒక పదార్థములో దిగబడనిచ్చి, ముద్ర కిరణము కొరకు వేచిరి. అది కనబడలేదు. మేలుకొన్నవి యేమైన నున్నను, లక్షకు సుమారు రెండింటిని మించవని 2022లో ప్రకటించిరి. ఇది సిద్ధాంతవేత్తల లెక్కకు విరుద్ధము కాదు. ఐతే ఈ రెండు ప్రయోగములలోను మాలిబ్డినము వేగము ఒక్కటి కాదు. పరిస్థితులు అచ్చముగా ఒకే తీరున లేనందున, మొదటి ప్రయోగమున కనబడిన దేమియో ఇప్పటికిని పూర్తిగా తెలిసినదని చెప్పజాలము.

ఇంతవరకు విన్న శ్రోతలు, ఈ శ్రమ వలన ప్రయోజన మేమని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు దాపరికము లేని సమాధానము ఇయ్యవలెను. ఐసోమరు ఒక గాదె వంటిది గాని పొలము వంటిది కాదు. గాదెలో మనము పోసిన ధాన్యమే మనకు తిరిగి వచ్చును. గాదె పంటను పండింపదు. ఐసోమరులను మహాయంత్రములలో పుట్టింపవలెను. దానికి ఖర్చగు శక్తి, వానిలో నిలువయగు శక్తికంటె ఎన్నోరెట్లు అధికము. మాలిబ్డినము విషయమున గాదె తలుపు మూసినను, ఏడు గంటలు గడువక మునుపే సగము ధాన్యము దానంతట అదియే కారిపోవును. కావున రేపో మాపో గోలీ వంటి ఐసోమరు బ్యాటరీ మన యింట రేడియోను నడుపునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. అట్లే గ్రాము హాఫ్నియముతో ఊరిని దగ్ధము చేయు ఆయుధము సిద్ధమైనదనినను నమ్మరాదు. తాళము ఉన్నది, దానిని తీయు చెవి ఇంకను చేతికి చిక్కలేదు.

ఐనను ఈ పరిశోధనకు వేరొక ప్రయోజనము కలదు. నక్షత్రముల గర్భములలో పరమాణువులు మనకు భూమిమీద కనబడునట్లుండవు. అచ్చటి వేడికి వాని ఎలక్ట్రానులు చాలవరకు ఊడిపోయి స్వేచ్ఛగా తిరుగుచుండును. ఎలక్ట్రాను గ్రహణమునకు కావలసిన ఖాళీ కక్ష్యలును, వేగముగల ఎలక్ట్రానులును అచ్చట సమృద్ధిగా నుండును. మన నగలలోని బంగారము, పనిముట్లలోని మాలిబ్డినము, ఇందాక చెప్పుకొన్న టాంటలము, ఇవన్నియు నక్షత్రములలో తయారైనవే. అట్టి చోట్ల ఐసోమరులు ఎంతకాలము నిద్రించును, ఎప్పుడు మేలుకొనును అనునది తెలిసినగాని, ఏ మూలకము ఎంత పుట్టినదో సరిగా లెక్క కట్టలేము.

ఈ కథలో గమనింపదగిన విషయము మరియొకటి కలదు. ఎలక్ట్రాను కేంద్రకముతో మాటలాడగలదను మూలసూత్రము సందేహాతీతము. టెక్నీషియములోని ఒక నిమిషపు తేడా, థోరియము ఆయుర్దాయము, బంగారములోని రెండు కోట్లకు ఒకటి, ఇవి దానికి సాక్షులు. సందేహమంతయు ఆ మాట ఎంత బిగ్గరగా వినబడుననుటయే. ఒక ప్రసిద్ధ పత్రికలో అచ్చయిన ఫలితమైనను, మరియొకరు మరియొక చోట చేసి చూచినపుడు నిలువవలెను. హాఫ్నియము ఫలితము అట్లు నిలువలేదు. మాలిబ్డినము ఫలితము ఇప్పుడు ఆ పరీక్షలోనే యున్నది. ఎలక్ట్రాను కిరణములను కావలసిన శక్తికి సరిగా దిద్ది, ఐసోమరుల మీదికి పంపు క్రొత్త ప్రయోగములను శాస్త్రజ్ఞులు సూచించుచున్నారు. అట్టివానిలో లెక్కయు కొలతయు ఒకదానికొకటి సరిపోయిననాడు, ఆవగింజ తలుపును చేని గట్టునుండి తట్టుట ఎంతవరకు సాధ్యమో మనకు నిశ్చయముగా తెలియగలదు.